పిక్సెళ్ల పందెంలో బ్యాటరీ చెల్లిస్తున్న మూల్యం

దేశంలో ఏ మూలనున్న సెల్‌ఫోన్ దుకాణం ముందు అరగంట నిలబడినా ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది: "ఛార్జింగ్ ఎంతసేపు వస్తుంది?" తెర ఎన్ని అంగుళాలు, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అన్న ప్రశ్నలకు పెట్టె మీదనే సమాధానం దొరుకుతుంది. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం దొరకదు. అక్కడ ఉండేది 5,000 ఎంఏహెచ్, 6,000 ఎంఏహెచ్ అన్న అంకె మాత్రమే. ట్యాంకులో ఎన్ని లీటర్ల పెట్రోలు పడుతుందో అది చెబుతుంది; బండి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో చెప్పదు.

ఆ మైలేజీని నిర్ణయించే అంశాలలో ముఖ్యమైనది తెర. తెర ఎంత సూక్ష్మంగా, ఎంత ప్రకాశవంతంగా, ఎంత వేగంగా బొమ్మను చూపితే బ్యాటరీ అంత త్వరగా ఖాళీ అవుతుంది. స్పష్టతకూ మన్నికకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యం కేవలం ఇంజనీర్ల సమస్యగా కనిపించవచ్చు. కాని ఫోన్ ఆగిపోతే ఆనాటి కూలి కూడా ఆగిపోయే లక్షలాది కుటుంబాలున్న దేశంలో ఇది ఆర్థిక ప్రశ్న కూడా. విశేషమేమిటంటే, సంపన్న దేశాల విపణి పిక్సెళ్ల పందెంలో మునిగి ఉన్న రోజులలోనే భారతదేశపు సామాన్య కొనుగోలుదారు తన తీర్పు చెప్పివేశాడు.

ఇంటికంతటికీ అదే కంప్యూటరు

జాతీయ నమూనా సర్వే 2017-18లో సేకరించిన వివరాల ప్రకారం గ్రామీణ కుటుంబాలలో 4.4 శాతం, పట్టణ కుటుంబాలలో 23.4 శాతం మాత్రమే కంప్యూటరు కలిగి ఉండేవి. కాగా, 2025 జనవరి నుండి మార్చి వరకు జరిగిన ప్రభుత్వ టెలికాం సర్వేలో 85 శాతానికి పైగా కుటుంబాలకు కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉన్నట్లు తేలింది. అంటే మన దేశంలో అత్యధిక కుటుంబాలు కంప్యూటరు మెట్టు ఎక్కకుండానే నేరుగా ఫోన్ మెట్టు మీదకు చేరుకున్నాయి. బ్యాంకు, పోస్టాఫీసు, సినిమాహాలు, పాఠశాల, పటం, టార్చిలైటు అన్నీ ఒక్క సాధనంలోనే ఇమిడిపోయాయి.

2016లో యూపీఐ రాకతో చిల్లర వర్తకుని గల్లాపెట్టె కూడా ఫోన్‌లోకి వచ్చి చేరింది. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ ప్రవేశపెట్టిన నాటినుండి అంగన్‌వాడీ కార్యకర్త చేతి రిజిస్టరు స్థానంలో ఫోన్ వచ్చింది. ఇంటింటికీ భోజనం, సరుకులు చేరవేసే యువకులకైతే ఫోనే యజమాని, ఫోనే దారి చూపే మనిషి, ఫోనే జీతం లెక్కకట్టే గుమాస్తా. యాప్‌ల ఆధారంగా ఇలా పని చేసేవారి సంఖ్య 2020-21లో 77 లక్షలనీ, 2029-30 నాటికి అది 2 కోట్ల 35 లక్షలకు చేరవచ్చుననీ నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదికలో అంచనా వేసింది. వీరి ఫోన్ మధ్యాహ్నం మూడు గంటలకు ఆరిపోతే, సాయంత్రం గిరాకీ చేజారినట్లే.

ఇక్కడ ఒక సంగతి గమనార్హం. ఫోన్ తాగే విద్యుత్తు నిజానికి అత్యల్పం. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిండే శక్తి సుమారు 19 వాట్-గంటలు. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రెండు గంటలు వెలగడానికి అది సరిపోతుంది. రోజూ ఒకసారి పూర్తిగా నింపినా బ్యాటరీలోకి చేరేది సంవత్సరానికి 7 యూనిట్లు. ఛార్జర్ దగ్గర జరిగే నష్టాన్ని కలుపుకున్నా 10 యూనిట్లు దాటదు. అందువల్ల సమస్య కరెంటు బిల్లుది కాదు. పని మధ్యలో, ప్రయాణం మధ్యలో, కరెంటు కోత మధ్యలో గోడకున్న సాకెట్టు అందుబాటులో ఉండకపోవడమే అసలు సమస్య. పెద్ద నగరంలో కార్యాలయ ఉద్యోగి బల్ల పక్కనే ప్లగ్గు ఉంటుంది. రోడ్డు మీద తిరిగే మనిషికి ఉండదు. ఒకే ఫోన్ ఈ ఇద్దరికీ ఒకే విధంగా ఉపయోగపడదు.

కంటికి ఒక హద్దు ఉంది

తెర మీది బొమ్మ అతి సూక్ష్మమైన చుక్కల సముదాయం. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. అడ్డంగా 720, నిలువుగా 1,280 చుక్కలున్న తెరలో మొత్తం 9 లక్షల 21 వేల పైచిలుకు పిక్సెళ్లు ఉంటాయి. 1080 × 1920 తెరలో అవి 20 లక్షల 73 వేలు. 1440 × 2560 తెరలో 36 లక్షల 86 వేలు. 4కె తెరలో దాదాపు 83 లక్షలు. అంటే ఒక్కొక్క మెట్టుకు పిక్సెళ్ల సంఖ్య రెట్టింపో, ఇంచుమించు రెట్టింపో అవుతూ వస్తుంది. కాని చూసే కన్ను మాత్రం పాతదే.

సాధారణ దృష్టి గల మనిషి కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించలేదని నేత్ర వైద్యశాస్త్రం లెక్క. ఫోన్‌ను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నప్పుడు ఈ హద్దు అంగుళానికి సుమారు 290 పిక్సెళ్ల దగ్గర వస్తుంది. 40 సెంటీమీటర్ల దూరానికి అది 220కి పడిపోతుంది. 2010లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 4ను అంగుళానికి 326 పిక్సెళ్లతో విడుదల చేసినప్పుడు స్టీవ్ జాబ్స్ ఈ లెక్కనే ప్రపంచం ముందుంచారు. చూపు మరీ చురుకైన వారు ఇంతకంటె సూక్ష్మమైన తేడాను కూడా పసిగట్టగలరు. అయినా హద్దు అన్నది ఉన్నదనడంలో సందేహం లేదు.

నేడు సర్వసాధారణమైన 6.5 అంగుళాల తెరకు ఈ లెక్కను వర్తింపజేస్తే చిత్రం స్పష్టమవుతుంది. 720 × 1600 తెరలో అంగుళానికి 270 పిక్సెళ్లు, అంటే హద్దుకు కాస్త దిగువన. 1080 × 2400 తెరలో 405, అంటే హద్దును దాటి చాలా ఎగువన. 1440 × 3200 తెరలో 540. మొదటి మెట్టు నుండి రెండవ మెట్టుకు ఎక్కితే అక్షరాల అంచులు నునుపు తేలడం చాలామందికి తెలుస్తుంది. రెండవ మెట్టు నుండి మూడవ మెట్టుకు వచ్చిన తేడాను చెప్పగలిగేవారు అరుదు.

అయితే స్పష్టతను కేవలం విలాసంగా కొట్టివేయరాదు. ఆంగ్లాక్షరాలు ఒకే వరుసలో పక్కపక్కన కూర్చుంటాయి. మన లిపి అలా కాదు. తలకట్టు, గుడి, దీర్ఘం పైన, ఒత్తులు కింద, మధ్యలో వంపులు తిరిగిన అక్షరం. ఒకే అక్షరానికి నిలువునా మూడంతస్తులు కావాలి. దేవనాగరి, బెంగాలీ, మలయాళ లిపులకూ తమతమ చిక్కులున్నాయి. చుక్కలు తక్కువైన తెర మీద గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోతుంది. 2017లో వచ్చిన జియోఫోన్ 2.4 అంగుళాల తెరలో 320 × 240 పిక్సెళ్లే ఉండేవి. దాని 2,000 ఎంఏహెచ్ బ్యాటరీకి అంత చిన్న తెర పెద్ద భారం కాలేదు గాని, సుదీర్ఘమైన తెలుగు వార్తను దానిలో చదవడం కళ్లకు పరీక్షే. కనుక భారతీయ భాషల పాఠకుడికి కొంత స్పష్టత అవసరం, అవసరానికి మించినది భారం. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న.

చుక్కలకు ఎందుకింత ఆకలి?

పిక్సెళ్లు పెరిగితే బ్యాటరీ ఎందుకు తగ్గాలి? కారణాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి తెరలో, రెండవది చిప్‌లో.

చౌక ఫోన్లలో వాడే ఎల్‌సీడీ తెర వెనుక ఒక దీపం నిరంతరం వెలుగుతూ ఉంటుంది. ముందున్న ప్రతి పిక్సెల్‌నూ నడిపేందుకు సూక్ష్మమైన ట్రాన్సిస్టరు, తీగలు ఉంటాయి. ఇవి వెలుగుకు అడ్డుగా నిలుస్తాయి. కిటికీకి ఊచలు ఎంత దగ్గరదగ్గరగా బిగిస్తే లోపలికి వచ్చే వెలుతురు అంత తగ్గినట్లే, పిక్సెళ్లు చిన్నవవుతున్న కొద్దీ బయటికి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి వెనుక దీపాన్ని మరింత ప్రకాశవంతంగా వెలిగించక తప్పదు.

ఖరీదైన ఫోన్లలో మొదలై ఇప్పుడు మధ్యతరగతి ఫోన్లకూ వచ్చిన ఓఎల్‌ఈడీ తెర తీరు వేరు. అందులో ప్రతి పిక్సెల్ తానే ఒక దీపం. నలుపు చూపవలసిన చోట ఆ దీపం ఆరిపోతుంది. అందుచేత ఇక్కడ పిక్సెళ్ల సంఖ్య కంటే తెర మీద ఏ రంగు ఎంత ప్రకాశంతో ఉన్నదన్నదే ముఖ్యం.

ఇక చిప్ సంగతి. ఆటలోని దృశ్యాన్ని గీసినా, పేజీని పైకి జరిపినా ప్రతి పిక్సెల్‌కు రంగు నిర్ణయించి, జ్ఞాపకశక్తి చిప్ ద్వారా తెరకు పంపవలసి ఉంటుంది. సెకనుకు 60 సార్లు మార్చే తెరలో 20 లక్షల పిక్సెళ్లంటే సెకనుకు 12 కోట్ల చుక్కల లెక్క. 36 లక్షల పిక్సెళ్లయితే 22 కోట్లు. తెరను సెకనుకు 120 సార్లు మారిస్తే ఈ లెక్క మళ్లీ రెట్టింపు. ఆ శ్రమకు ప్రతిఫలం చెల్లించేది బ్యాటరీయే.

పెద్ద సంస్థల పందెం, వెనుకడుగు

ఈ సంగతులు తయారీదారులకు తెలియనివి కావు. అయినా ప్రచారానికి అంకె కావాలి. 2013 చివర చైనాలో వీవో సంస్థ, 2014లో జి3 పేరుతో ఎల్‌జి సంస్థ 1440 × 2560 తెరలను ఫోన్లలోకి తెచ్చాయి. జి3లో అంగుళానికి 538 పిక్సెళ్లు. దానికి తోడిచ్చిన బ్యాటరీ 3,000 ఎంఏహెచ్. 2015లో సోనీ మరొక అడుగు ముందుకు వేసి ఎక్స్‌పీరియా జెడ్5 ప్రీమియం ఫోన్‌లో 4కె తెరను అమర్చింది. అయితే ఆ ఫోన్ మామూలు పనులన్నిటినీ 1080 స్థాయిలోనే చూపి, 4కె ఫొటోలు, వీడియోలు తెరచినప్పుడు మాత్రమే పూర్తి సామర్థ్యాన్ని వినియోగించుకునేది. 83 లక్షల పిక్సెళ్లకు డబ్బు చెల్లించిన వినియోగదారుడు వాటి ప్రయోజనాన్ని చూడగలిగేది అప్పుడప్పుడు మాత్రమే.

2017లో శాంసంగ్ గెలాక్సీ ఎస్8 కూడా ఇదే మార్గాన్ని అనుసరించింది. తెర సామర్థ్యం 1440 × 2960 అయినా, పెట్టెలోంచి తీసేసరికి 1080 × 2220 స్థాయికి కుదించి ఉండేది. కావలసినవారు సెట్టింగుల్లోకి వెళ్లి పెంచుకోవలసిందే. 2020లో ఎస్20 శ్రేణిలో సెకనుకు 120 మార్పుల వేగం ప్రవేశపెట్టినప్పుడు ఆ సంస్థ మరింత స్పష్టమైన షరతు విధించింది. అత్యధిక స్పష్టత కావాలా, అత్యధిక వేగం కావాలా, రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. రెండూ కలిసి అందుబాటులోకి వచ్చింది 2021లో ఎస్21 అల్ట్రాతో మాత్రమే. ఇదిలా ఉండగా, పందెం మొదలుపెట్టిన వారిలో ఒకటైన ఎల్‌జి 2021లో ఫోన్ల వ్యాపారం నుండే తప్పుకుంది.

సామాన్యుడి తీర్పు

సరిగ్గా ఇదే కాలంలో భారత విపణిలో కథ మరొక విధంగా నడిచింది. 2014 సెప్టెంబరులో గూగుల్ సంస్థ మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ సంస్థలతో కలిసి ఆండ్రాయిడ్ వన్ ఫోన్లను రూ. 6,399 ధర నుండి ఆరంభించింది. వాటి తెర 480 × 854. అదే నెలలో షియోమి రెడ్‌మి 1ఎస్‌ను 720 × 1280 తెరతో రూ. 5,999కే విక్రయించింది. తక్కువ ధరకు మెరుగైన తెర దొరికినచోటికి కొనుగోలుదారు వెళ్లాడు. అంటే స్పష్టత అక్కరలేదని అతడు అనలేదు.

2015 ఆగస్టులో షియోమి తన తొలి భారత తయారీ ఫోన్ రెడ్‌మి 2 ప్రైమ్‌ను ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారు చేయించింది. ధర రూ. 6,999. తెర మళ్లీ 720 మెట్టు మీదే నిలిచింది. సరిహద్దులకు ఆవల 1440 పందెం సాగుతున్న సమయమది.

2016 జనవరిలో అసుస్ సంస్థ జెన్‌ఫోన్ మ్యాక్స్‌ను రూ. 9,999కు ఇక్కడ ప్రవేశపెట్టింది. 5.5 అంగుళాల తెర 720 మెట్టులో, బ్యాటరీ మాత్రం 5,000 ఎంఏహెచ్. ఇతర ఫోన్లకు కూడా దానినుండి ఛార్జింగ్ ఎక్కించుకోవచ్చునన్నది దాని ప్రచారాంశం. 2017 మే నెలలో వచ్చిన రెడ్‌మి 4లో 5 అంగుళాల 720 తెర, 4,100 ఎంఏహెచ్ బ్యాటరీ. ఎల్‌జి జి3తో పోలిస్తే పిక్సెళ్లు నాలుగవ వంతు. బ్యాటరీ మూడవ వంతుకు పైగా అధికం. ధర రూ. 6,999. ఇంతకంటే స్పష్టమైన తీర్పు మరొకటి ఉండబోదు.

అయితే స్పష్టత, మన్నిక ఎప్పటికీ శత్రువులేనన్న నిర్ణయానికి రావడం కూడా తొందరపాటే. 2016 మార్చిలో వచ్చిన రెడ్‌మి నోట్ 3లోనూ, 2017 జనవరిలో వచ్చిన నోట్ 4లోనూ తెర ఒకటే, 5.5 అంగుళాలు, 1080 మెట్టు. బ్యాటరీలు ఇంచుమించు సమానం. మారింది చిప్. మొదటిదానిలో 28 నానోమీటర్ల పద్ధతిలో తయారైన చిప్ ఉంటే, రెండవదానిలో 14 నానోమీటర్ల స్నాప్‌డ్రాగన్ 625 ఉంది. ట్రాన్సిస్టర్లు చిన్నవైతే ఒకే పనికి ఖర్చయ్యే విద్యుత్తు తగ్గుతుంది. దానితో 1080 తెరను కూడా తెల్లవారినప్పటినుండి రాత్రి వరకు నడిపించడం సాధ్యమైంది. ఆ ఫోన్ విరివిగా అమ్ముడైంది. 2017 ముగిసేసరికి షియోమి దేశంలో అగ్రస్థానానికి చేరుకుంది. పిక్సెళ్ల భారాన్ని మోయగలిగే భుజాలు వచ్చిన తరువాతే సామాన్యుడు ఆ మెట్టు ఎక్కాడు.

శాంసంగ్ ఈ పాఠాన్ని ఆలస్యంగానైనా గ్రహించింది. 2019 జనవరిలో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ గల ఎం20ని రూ. 10,990కి, సెప్టెంబరులో 6,000 ఎంఏహెచ్ ఎం30ఎస్‌ను రూ. 13,999కి, మరుసటి ఏడాది 7,000 ఎంఏహెచ్ ఎం51ను భారత కొనుగోలుదారుకు అందించింది. అదే సంస్థ విదేశాలలో గొప్పగా చాటుకున్న 1440 తెర వీటిలో దేనిలోనూ లేదు.

తెర తగ్గిస్తే ఛార్జింగ్ పెరుగుతుందా?

ఇక ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. ఖరీదైన ఫోన్ కొన్నవారు సెట్టింగుల్లో స్పష్టతను ఒక మెట్టు తగ్గించి బ్యాటరీ ఎంతో ఆదా అవుతుందని ఆశిస్తుంటారు. అలా తగ్గించినప్పుడు చిప్ లెక్కకట్టే చుక్కలు తగ్గే మాట నిజం. ఆటలు ఆడేవారికి దానివల్ల కొంత మేలు ఉంటుంది. కాని తెరలోని పిక్సెళ్లు ఎక్కడికీ పోవు. గీసిన బొమ్మను పెద్దది చేసి అవే 36 లక్షల దీపాల మీద పరుస్తారు. అందువల్ల వార్తలు చదివేవారికి, సందేశాలు పంపేవారికి కలిగే ఆదా స్వల్పమే.

అసలు ఖర్చు వెలుగుది. ఎండలో తెర కనిపించాలంటే వెలుగును గరిష్ఠ స్థాయికి పెంచాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మిట్టమధ్యాహ్నం పటం చూసుకుంటూ బండి నడిపే మనిషి ఫోన్‌కూ, చల్లని గదిలో కూర్చున్నవాని ఫోన్‌కూ ఛార్జింగ్ ఒకే తీరున ఎలా నిలుస్తుంది? పైగా లిథియం బ్యాటరీకి వేడి బద్ధశత్రువు. నిరంతరం వేడికి గురైన బ్యాటరీ సామర్థ్యం త్వరగా క్షీణిస్తుంది. కొన్ననాడు రాత్రి వరకు వచ్చిన ఫోన్ రెండవ వేసవి నాటికి సాయంత్రానికే చేతులెత్తేయడానికి ఇదొక కారణం.

తెరను నలుపు రంగు నేపథ్యానికి మార్చుకోవడం గురించి కూడా వాస్తవం తెలుసుకోవడం మంచిది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఓఎల్‌ఈడీ ఫోన్లలో వెలుగు 30 నుండి 50 శాతం మధ్య ఉన్నప్పుడు నలుపు నేపథ్యం వల్ల ఆదా అయ్యేది 3 నుండి 9 శాతమే. వెలుగు నూటికి నూరు శాతం ఉన్నప్పుడు మాత్రం ఆదా 39 నుండి 47 శాతం వరకు ఉంది. అంటే ఇంట్లో ఉన్నవాడికి పెద్దగా ఉపయోగించని చిట్కా, ఎండలో తిరిగేవాడికి బ్రహ్మాండంగా ఉపయోగపడుతుంది. ఎల్‌సీడీ తెర ఉన్న చౌక ఫోన్‌కు ఇది వర్తించదు. వెనుక దీపం ఎటూ వెలుగుతూనే ఉంటుంది కనుక.

సంక్షోభాలు నేర్పిన పాఠం

స్పష్టతలో కొంత వదులుకున్నా పని ఆగదని యావద్దేశానికీ అనుభవంలోకి వచ్చిన సందర్భం 2020 మార్చి. కోవిడ్ లాక్‌డౌన్‌తో కోట్లాది జనం ఇళ్లలో కూర్చుని ఒక్కసారిగా వీడియోల మీద పడడంతో నెట్‌వర్కులు కుంటుపడే ప్రమాదం ఏర్పడింది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, హాట్‌స్టార్ తదితర సంస్థలు సమావేశమై, మొబైల్ నెట్‌వర్కుల మీద వీడియోలను 480 స్థాయికి మించకుండా ప్రసారం చేయాలని నిర్ణయించుకున్నాయి. ఏప్రిల్ 14 వరకు ఈ ఏర్పాటు అమలు చేయాలని తలపెట్టారు. బొమ్మ కొంత మసకబారినా సినిమాలూ వార్తలూ ఆగలేదు.

పొరుగునున్న శ్రీలంక అనుభవం మరింత కఠినమైనది. ఆర్థిక సంక్షోభం ముదిరిన 2022 మార్చి చివరలో అక్కడ కరెంటు కోత రోజుకు 13 గంటల వరకు వెళ్లింది. అదే సంవత్సరం జూలైలో పెట్రోలు పంపిణీకి క్యూఆర్ కోడ్ పద్ధతిని ప్రవేశపెట్టారు. బారులు తీరిన వాహనాల మధ్య నిలబడిన మనిషికి ఫోన్‌లో మిగిలిన ఛార్జింగ్ కూడా ఒక విధమైన ఇంధనమే అయింది. విద్యుత్ సరఫరా నమ్మకంగా లేని చోట ఫోన్‌కు మన్నికే మొదటి గుణం. దక్షిణాసియాలో ఈ మాట చాలా ప్రాంతాలకు వర్తిస్తుంది.

పందెం దిశ మారుతోంది

ఇటీవలి పరిణామాలు చూస్తే ప్రపంచ విపణి కూడా భారత కొనుగోలుదారు చెప్పిన దారికే వస్తున్నట్లు కనిపిస్తుంది. బ్యాటరీలో గ్రాఫైట్‌కు తోడు సిలికాన్‌ను వాడే పద్ధతి వచ్చిన తరువాత అదే పరిమాణంలో ఎక్కువ శక్తిని నింపడం సాధ్యమవుతోంది. 2025 ఏప్రిల్‌లో వీవో టి4 ఫోన్ 7,300 ఎంఏహెచ్ బ్యాటరీతో మన విపణిలోకి వచ్చింది. మరింత ఆసక్తికరమైనది వన్‌ప్లస్ ఉదాహరణ. 2025 జనవరిలో ఇక్కడ విడుదలైన వన్‌ప్లస్ 13లో 1440 మెట్టు తెర, 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో వచ్చిన వన్‌ప్లస్ 15లో తెరను 1272 × 2772కు తగ్గించి, బ్యాటరీని 7,300కు పెంచారు. ఖరీదైన ఫోన్‌లో పిక్సెళ్లను తగ్గించడం ఒకప్పుడు ఊహించరానిది. అయితే ఆ ఫోన్‌లోనే తెర మార్పు వేగాన్ని సెకనుకు 165కు పెంచారు. ఒక అంకె పందెం ముగుస్తుంటే మరొక అంకె పందెం మొదలవుతోందన్నమాట.

ఈ పందెంలో మనది కేవలం కొనుగోలుదారు పాత్రే కావడం విచారకరం. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014-15లో సుమారు రూ. 18,900 కోట్లుగా ఉన్న మొబైల్ ఫోన్ల ఉత్పత్తి విలువ 2023-24 నాటికి రూ. 4 లక్షల 22 వేల కోట్లకు చేరింది. ఇది సామాన్యమైన విజయం కాదు. కాని ఫోన్‌లోని ఖరీదైన భాగాలలో ముఖ్యమైన తెర పలక, బ్యాటరీ సెల్ ఇప్పటికీ ప్రధానంగా దిగుమతుల మీదనే ఆధారపడుతున్నాయి. 2021 డిసెంబరులో సెమీకండక్టర్లు, తెరల తయారీకి కలిపి రూ. 76,000 కోట్ల పథకాన్ని, 2025 మార్చిలో తెరల కూర్పు, లిథియం సెళ్లు వంటి విడిభాగాల తయారీకి రూ. 22,919 కోట్ల పథకాన్ని కేంద్రం ఆమోదించింది. తెర, సెల్ ఇక్కడ తయారయిన నాడు మన ఎండకు, మన లిపులకు, మన పనివేళలకు తగిన పాళ్లలో వాటిని రూపొందించుకునే అవకాశం కలుగుతుంది.

గంటల లెక్క చెప్పాలి

అంతవరకు చేయదగినది ఒకటి ఉంది. అది ఖర్చు లేని పని. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుండి అక్కడ విక్రయించే ప్రతి కొత్త స్మార్ట్‌ఫోన్‌కు శక్తి వినియోగ పట్టీని తప్పనిసరి చేసింది. ఒకసారి ఛార్జింగ్ నింపితే ఫోన్ ఎన్ని గంటల ఎన్ని నిముషాలు పనిచేస్తుందో, బ్యాటరీ ఎన్నిసార్లు నింపేవరకు మన్నుతుందో నిర్ణీత పరీక్ష ప్రకారం అందులో ముద్రించాలి. 800 సార్లు నింపిన తరువాత కూడా బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగిలి ఉండాలన్న నిబంధన కూడా అప్పటినుండి అమలులోకి వచ్చింది.

మనకిది కొత్త సంగతి కాదు. ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో ప్రారంభించిన నక్షత్రాల పట్టీ నేడు ఫ్రిజ్ మీద, ఏసీ మీద, ఫ్యాను మీద కనిపిస్తుంది. చదువు రాని ఇల్లాలు కూడా ఐదు నక్షత్రాలంటే అర్థం చేసుకుంటుంది. కాని ఇంట్లో అందరికంటె ఎక్కువగా చేతిలో ఉండే ఫోన్ ఆ చట్రంలోకి రాలేదు. కరెంటు ఆదా పరంగా చూస్తే దాని అవసరం కనిపించకపోవచ్చు; సంవత్సరానికి పది యూనిట్ల లోపు ఖర్చుకు నక్షత్రాలెందుకని అడగవచ్చు. ఇక్కడ ఆదా కావలసింది యూనిట్లు కాదు, శ్రమజీవి పని గంటలు. 720 తెరకు 5,000 ఎంఏహెచ్ ఉన్న ఫోన్ ఎండలో ఎన్ని గంటలు వస్తుంది, 1080 తెరకు 6,000 ఉన్నది ఎన్ని గంటలు వస్తుంది అన్నది పక్కపక్కనే ముద్రించి ఉంటే కొనుగోలుదారు తన పనికి తగినది తానే ఎంచుకోగలడు. ఆ పరీక్ష ఐరోపా చలిగదిలో కాక మన వేసవి వెలుగుకు, మన వేసవి ఉష్ణోగ్రతకు తగినట్లుగా జరగాలన్నది మాత్రం మరువరాదు.

పదేళ్ల క్రితం ఎవరూ బోధించకుండానే ఈ దేశపు సామాన్యుడు తన కంటికి ఎంత కావాలో, తన రోజుకు ఎంత కావాలో బేరీజు వేసుకున్నాడు. అతడి చేతిలో ఉన్న తూనికరాళ్లు దుకాణదారు మాట, పక్కింటివారి అనుభవం మాత్రమే. పది, పదిహేను వేల రూపాయలు, ఎందరికో నెల సంపాదన, ఆ మాట మీదనే ఖర్చవుతోంది. "ఛార్జింగ్ ఎంతసేపు వస్తుంది?" అన్న అతని ప్రశ్నకు పెట్టె మీదనే సమాధానం ముద్రించి ఇవ్వడం ప్రభుత్వానికి అసాధ్యమైన పని ఏమీ కాదు.